బెంగళూరులో మ్యూజియం చూసే రోజు ఎక్కడ తినాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో, సెలవుల్లో పిల్లల్ని వెంటేసుకుని అక్కావాళ్లో వచ్చినప్పుడు బెంగళూరులో ఉన్న మనం ముందు తీసుకెళ్లేది కస్తూర్బా రోడ్డుకే. విశ్వేశ్వరయ్య మ్యూజియం, దాని పక్కనే పాత ప్రభుత్వ మ్యూజియం, అదే రోడ్డులో కొత్తగా వచ్చిన ఆర్ట్ మ్యూజియం, వెనక కబ్బన్ పార్కు. ఏం చూడాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మధ్యలో ఎక్కడ తినాలి, ఎప్పుడు తినాలి, పెద్దవాళ్లకి ఏది పడుతుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. చుట్టాలూ స్నేహితులూ నన్ను మళ్లీ మళ్లీ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. నా మాట ముందే చెప్పేస్తాను: తిండి సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ రోజు సగంలోనే ఆగిపోతుంది. పొద్దున బయల్దేరేటప్పుడే మధ్యాహ్నం ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోండి.

మ్యూజియం లోపలే తినొచ్చా, బయటికి రావాలా?

మీతో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పదేళ్లలోపు పిల్లలుంటే లోపలే తినండి, ఎందుకంటే ఒకసారి బయటికి తీసుకొస్తే వాళ్లని మళ్లీ లోపలికి నడిపించడం కష్టం. పెద్దవాళ్లుంటే బయటే మేలు, వాళ్లకి కావాల్సింది నీడలో ఒక కుర్చీ, వేడి అన్నం, ఒక అరగంట ఎవరూ కదలమనకుండా ఉండటం. బయటికి వెళ్లేముందు గేటు దగ్గర ఒక్కమాట అడగండి, అదే టికెట్ మీద మళ్లీ లోపలికి రానిస్తారా లేదా అని.

విశ్వేశ్వరయ్య మ్యూజియం క్యాంటీన్ సరిపోతుందా?

పిల్లలతో వెళ్తే సరిపోతుంది. లోపల క్యాంటీన్ ఉంది, కడుపు నింపే మామూలు తిండే తప్ప ప్రత్యేకంగా దాని కోసమే వెళ్లాల్సినంత ఏమీ ఉండదు. స్కూలు పిల్లలు బస్సుల్లో దిగే రోజుల్లో ఒంటిగంటకి వెళ్తే నిలబడే చోటు కూడా దొరకదు, కాబట్టి పన్నెండుకో లేదంటే రెండు దాటాకో వెళ్లండి. ఈ మ్యూజియానికి తక్కువలో తక్కువ మూడు గంటలు పెట్టుకోవాలి. ఇంజిన్ల హాల్, రైట్ సోదరుల విమానానికి అసలు సైజులో చేసిన నమూనా, పిల్లలు స్వయంగా మీటలు నొక్కి చూసే సైన్స్ గదులు, వీటి ముందు నుంచి వాళ్లు కదలరు. 

1962లో నెహ్రూ ప్రారంభించిన చోటు ఇది. విశ్వేశ్వరయ్యగారి పూర్వీకుల ఊరు మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం, ఆయన ఇంటిపేరు అదే. 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచెత్తాక మళ్లీ అలా జరగకుండా జలాశయాలు కట్టాలని సూచించింది కూడా ఆయనే, గండిపేట చెరువు అలా వచ్చిందే. అన్నం తినేటప్పుడు ఈ సంగతి పిల్లలకి చెప్పండి, తర్వాత ఇంజిన్ల హాల్లో ఇంకో రౌండ్ వాళ్లే అడుగుతారు.

ఆర్ట్ మ్యూజియం పైన ఉన్న రెస్టారెంట్‌కి అమ్మానాన్నలని తీసుకెళ్లొచ్చా? మరీ ఖరీదు కదా?

మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ, అందరూ మ్యాప్ అని పిలిచేది, 2023 ఫిబ్రవరిలో తెరిచారు. పై అంతస్తులో రెస్టారెంట్ ఉంది. ధరలు దర్శిని (ఇక్కడి నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) ధరలకి ఎన్నో రెట్లు, అది నిజమే. అయినా నేను తీసుకెళ్లమనే చెబుతాను, కాకపోతే భోజనానికి కాదు, సాయంత్రం కాఫీకో, కేకుకో. మన ఇళ్లలో పెద్దవాళ్లు మెనూ తెరవగానే కుడివైపు అంకెలు చూసి నాకేం వద్దురా అనేస్తారు. అందుకే మెనూ వాళ్ల చేతికి ఇవ్వకుండా ముందే మీరు చూసుకుని రెండు మూడు రకాలు తెప్పించి మధ్యలో పెట్టండి, అందరూ తలా కొంచెం తింటారు. బిల్లు గురించి టేబుల్ దగ్గర మాట్లాడొద్దు, ఇంటికెళ్లాక కూడా మాట్లాడొద్దు. జీవితమంతా మనకోసం లెక్క చూసుకుని బతికినవాళ్లు ఒక సాయంత్రం చెట్ల తలలు కనిపించేంత ఎత్తులో కూర్చుని ప్రశాంతంగా కాఫీ తాగడం ఖర్చు కింద రాసుకునేది కాదు.

వారాంతంలో అయితే ముందు ఫోన్ చేసి చోటుందో లేదో కనుక్కోండి. పెద్దవాళ్లకి లిఫ్ట్ ఎటువైపో కూడా అప్పుడే అడగండి.

ఏ రోజు వెళ్తే మంచిది?

సోమవారం వద్దు. ప్రభుత్వ మ్యూజియం, మ్యాప్, ప్యాలెస్ రోడ్డులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, మూడింటికీ సోమవారం సెలవు, లాల్‌బాగ్ రోడ్డులోని పాత టిఫిన్ హోటల్ ఎంటీఆర్ (మావళ్లి టిఫిన్ రూమ్స్) కూడా ఆ రోజే మూసి ఉంటుంది. సోమవారం తప్ప వీలు కాదంటే విశ్వేశ్వరయ్య మ్యూజియం పెట్టుకోండి. దోశలకి పేరున్న గాంధీ బజార్ హోటల్ విద్యార్థి భవన్‌కి శుక్రవారం సెలవు. ప్రభుత్వ మ్యూజియంలో మరమ్మతుల కోసం గ్యాలరీలు మూసే సందర్భాలు ఉంటాయి కాబట్టి దానికోసమే వచ్చేవాళ్లు తెరిచి ఉందో లేదో తెలుసుకుని బయల్దేరండి.

టైమింగ్ ఎలా పెట్టుకోవాలి?

బెంగళూరు హోటళ్ల పద్ధతి ముందు అర్థం చేసుకోవాలి. టిఫిన్ పొద్దున పదకొండు దాకా, ఆ తర్వాత కొన్నిచోట్ల వంటిల్లు దాదాపు ఆగిపోతుంది, పన్నెండు, పన్నెండున్నరకి భోజనాలు మొదలై మూడు లోపే ముగుస్తాయి, మళ్లీ నాలుగు తర్వాత దోశలు. పదకొండున్నరకి ఆకలేసి దిగితే దోశ అయిపోయింది, భోజనం ఇంకా రాలేదు అంటారు. మూడున్నరకి దిగినా ఇదే పరిస్థితి. మన పల్లెల్లో పెద్దవాళ్లు పన్నెండుకల్లా అన్నం ముందు కూర్చునే అలవాటున్నవాళ్లు, వాళ్ల టైమే ఇక్కడ కూడా సరైన టైము. పొద్దున ఎనిమిదికి గట్టి టిఫిన్, పదింటికి మ్యూజియం, పన్నెండున్నరకి భోజనం, రెండున్నరకి కావాలంటే ఇంకో మ్యూజియం, లేదా ఇంటికి. రోజుకి ఒక మ్యూజియం చాలని నా గట్టి అభిప్రాయం.

ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్తే?

తీసుకెళ్లండి, కానీ ఎక్కడ తినాలో ముందే చూసుకోండి. గ్యాలరీల్లోకి తిండీ నీళ్లూ రానివ్వరు, బ్యాగులు కింద పెట్టించుకుంటారు. ఎండాకాలం పెరుగన్నం నాలుగు గంటలు బ్యాగులో ఉంటే పులిసిపోతుంది, పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా ఉంటుంది. పార్కులో కూర్చుని తిందామనుకునేవాళ్లు గేటు దగ్గర బోర్డు చదవండి, కబ్బన్ పార్కులో, లాల్‌బాగ్‌లో బయటి తిండి మీద ఆంక్షలు ఉంటాయి. ఎక్కడ తిన్నా ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ అక్కడ వదిలేయొద్దు, దయచేసి.

దర్శిని అంటే ఏమిటి? కూర్చునే చోటు ఉండదా?

చాలావాటిలో ఉండదు. 1980ల మొదట్లో జయనగర్ వైపు మొదలైన పద్ధతి ఇది: చిన్న చోటు, కళ్లెదుటే వంట, నిలబడి తినే ఎత్తు బల్లలు, ముందు డబ్బు కట్టి తర్వాత తినడం. వెయిటర్లు లేరు, కుర్చీలు లేవు, ఆ మిగిలిన డబ్బు ధర తగ్గడంలో కనిపిస్తుంది. పొద్దున ఆఫీసుకెళ్లే ఇంజనీరూ ఆటో నడిపే అన్నా ఒకే బల్ల దగ్గర పది నిమిషాల్లో వేడి ఇడ్లీ తిని వెళ్లడం నాకు ఈ ఊళ్లో బాగా నచ్చే సంగతి.

వెళ్లగానే క్యాష్ కౌంటర్ దగ్గర ఏం కావాలో చెప్పి బిల్లు తీసుకోవాలి. ఆ చీటీ టిఫిన్ కౌంటర్‌లో ఇస్తే ప్లేటు ఇస్తారు, కాఫీ, టీలకి పక్కన వేరే కౌంటర్ ఉంటుంది. కాఫీ చీటీ మొదటే ఇచ్చేయకండి, టిఫిన్ అయ్యాక ఇస్తే వేడిగా దొరుకుతుంది. చట్నీ మళ్లీ అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. తిన్నాక ప్లేటు మీరే తీసుకెళ్లి తొట్టిలో వేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అరుగు మీదో, బయట రాతి బెంచీ మీదో చోటు చూసి ప్లేటు మీరే తెచ్చివ్వండి, లేదంటే కూర్చునే హాలున్న హోటల్‌కే వెళ్లండి. ఇద్దరికి ఒక కాఫీ చాలనుకుంటే బై టూ అనండి, రెండు గ్లాసుల్లో పోసిస్తారు.

ఏం తినాలో తెలియనివాళ్లు చౌచౌ బాత్ తీసుకోండి, ఒకే ప్లేటులో ఒకవైపు కారంగా ఉప్మా లాంటి ఖారా బాత్, ఇంకోవైపు నెయ్యి కారే కేసరి బాత్. 

ఇక్కడి సాంబారు తీపిగా ఉంటుంది, మావాళ్లు తినలేరు. ఏం చేయాలి?

ఇది అందరూ అడిగేదే. ఉడుపి పద్ధతిలో సాంబారులో బెల్లం వేస్తారు, గుంటూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లకి మొదటి ముద్దకే ముఖం మారిపోతుంది. సాంబారు విడిగా గిన్నెలో ఇమ్మనండి, ఇడ్లీ మీద పోయించుకోవద్దు. అప్పుడు చట్నీతో తినొచ్చు, ఇక్కడి కొబ్బరి చట్నీ పచ్చిమిర్చితో బాగానే ఘాటుగా ఉంటుంది.

ఇంకో దారి ఉంది. శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ అని 1965 నుంచి నడుస్తున్న చిన్న చోటు, అక్కడ సాంబారే లేదు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, వాటి మీద గరిటెతో పోసే పల్చటి చట్నీ, ఎన్నిసార్లు అడిగినా పోస్తారు. బెంగళూరు టిఫినంటే మా వాళ్లకి పడదు అనేవాళ్లని నేను ముందు అక్కడికే పంపిస్తాను. నిలబడి తినాలి, పొద్దునే వెళ్లాలి.

అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు వాళ్లకి అసలు ఈ ప్రశ్నే రాదు, వాళ్లకి రాగి ముద్దా, బస్సారూ (పప్పు, ఆకుకూర ఉడికించిన నీళ్లతో చేసే చారు) కూడా ఇంటి తిండిలాగే ఉంటాయి.

ఎంటీఆర్‌కి వెళ్లడం నిజంగా అవసరమా? అంత క్యూ ఉంటుంది కదా.

అవసరమే. ఆ హోటల్‌కే ఈ ఊరి చరిత్రలో చోటుంది. 1924లో ఉడుపి వైపు నుంచి వచ్చిన మయ్యా సోదరులు మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బియ్యం కొరతలో ఇడ్లీకి బియ్యం లేక రవ్వతో చేసి చూశారు, ఇవాళ మన ఊళ్లలో కూడా దొరికే రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని చెబుతారు. 1975 ఎమర్జెన్సీ రోజుల్లో ధరలు తగ్గించి తీరాలన్నప్పుడు ఆ ధరకి ఆ నాణ్యత ఇవ్వలేమని హోటల్ మూసేసి, పనివాళ్లని ఇంటికి పంపకుండా ప్యాకెట్ మిక్స్‌లు చేసి అమ్మడం మొదలుపెట్టారు. మన వంటింటి అల్మరాలో ఉండే గులాబ్ జామూన్ పొడి వెనక ఉన్న కథ అది. ఇవన్నీ చెప్పి తీసుకెళ్తే క్యూలో నిలబడటం ఎవరికీ బరువనిపించదు.

లాల్‌బాగ్‌తో కలిపి పెట్టుకోండి. గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ దిగితే పశ్చిమ గేటు, అక్కడి నుంచి తోట దాటుకుంటూ, 1889 నాటి గాజు మేడ చూసుకుంటూ, మెయిన్ గేటు వైపు బయటికొస్తే ఎంటీఆర్ దగ్గర్లోనే. నడక అంత చేయలేనివాళ్లని ఆటోలో నేరుగా మెయిన్ గేటుకి తీసుకెళ్లండి. హోటల్‌లో ముందు పేరు రాయించి పిలిచేదాకా కూర్చోవాలి. రవ్వ ఇడ్లీ మీద ఇచ్చే చిన్న గిన్నె నెయ్యి మొత్తం పోసుకోండి, సగం మిగల్చొద్దు. మధ్యాహ్న భోజనం మాత్రం చాలా పెద్దది, వరసగా వడ్డిస్తూనే ఉంటారు, ఆ తర్వాత మ్యూజియం చూడటం ఎవరివల్లా కాదు, టిఫిన్‌కే వెళ్లండి.

మాకు ఆంధ్రా భోజనమే కావాలి. కస్తూర్బా రోడ్డు దగ్గర్లో ఏముంది?

రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున హోటల్, ఆటోలో వెళ్తే దగ్గరే. 1980ల నుంచి ఉంది. అరిటాకులో పప్పు, కందిపొడి, నెయ్యి, వేపుడు, పులుసు, రసం, పెరుగు, అడిగినంత వడ్డన. చర్చ్ స్ట్రీట్ వైపు కూడా ఆంధ్రా భోజనం పెట్టేవి ఉన్నాయి, ఊరంతా నందిని హోటల్ శాఖలున్నాయి. ఆదివారం ఒంటిగంటకి అయితే బయట జనం నిలబడి ఉంటారు, పన్నెండుంబావుకల్లా చేరితే వెంటనే కూర్చోవచ్చు.

ఒక మాట. బెంగళూరులో ఆంధ్రా స్టైల్ అంటే మన ఇంటి వంట అనుకుని వెళ్లొద్దు. పచ్చిమిర్చి గుప్పెళ్లతో వేసి పొడిగా వేయించే చిల్లీ చికెన్, పొడి వేసుకుని కలిపే మొదటి ముద్ద, వీటితో ఇక్కడ అదొక వేరే వంటగా ఎదిగింది. కన్నడవాళ్లూ తమిళులూ ఉత్తరాదివాళ్లూ కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటూ ఇష్టంగా తింటారు. మా ఊరి గోంగూర ఇలా ఉండదు అని పోల్చుకోకుండా తింటే నిజంగా బాగుంటుంది. కడుపులో మంట ఉన్నవాళ్లు పొడి తగ్గించి పప్పు, నెయ్యి, పెరుగుతో సరిపెట్టుకోవచ్చు.

ఊరి నుంచి వచ్చినవాళ్లు రెండు పూటలు బయట తింటే ఒక పూట ఈ ఊరి తిండి, ఒక పూట మన తిండి పెట్టండి. రెండూ కొత్తవే అయితే రాత్రికి ఇంటికొచ్చి మజ్జిగన్నం అడుగుతారు.

కూర్చుని తీరిగ్గా మాట్లాడుకునే చోటు?

చర్చ్ స్ట్రీట్‌లో ఇండియన్ కాఫీ హౌస్. కార్మికుల సహకార సంఘం నడిపేది, 2009 దాకా ఎంజీ రోడ్డులో ఉండేది. తెల్ల బట్టలు, తలపాగా కట్టుకున్న సర్వర్లు, ధరలు ఇప్పటికీ అందుబాటులోనే. రిటైరైన నాన్నలకి, మామలకి బాగా నచ్చే చోటు. సెయింట్ మార్క్స్ రోడ్డులో కోషీస్ ఇంకోటి, 1940లో బేకరీగా మొదలైంది, ఆదివారం పొద్దున అప్పం, స్టూ కోసం జనం వస్తారు. రెండుచోట్లా ఎవరూ లేవమని తొందరపెట్టరు.

బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేశారు. కట్టాలా?

కట్టక్కర్లేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, హోటళ్లు తమంతట తాము బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలపకూడదని. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఈ ఊళ్లో ఒక పేరున్న చోట నాకు కలిపి ఇచ్చారు, తీసేయమని మామూలుగా అడిగితే మేనేజర్ వచ్చి వేరే బిల్లు ఇచ్చాడు, గొడవేం లేదు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. వడ్డించినవాళ్లు బాగా చూసుకుంటే వాళ్ల చేతికే ఏదైనా ఇవ్వండి, నేను ఇస్తాను.

నీళ్ల బాటిల్ గురించి కూడా చాలామంది అడుగుతారు. షాపులో ఎమ్మార్పీకి మించి తీసుకోకూడదు. కూర్చోబెట్టి వడ్డించే హోటల్‌లో ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మామూలు నీళ్లు ఇవ్వండి అని మొదట్లోనే అడిగితే ఆ ఖర్చే ఉండదు.

యూపీఐ అన్నిచోట్లా నడుస్తుందా?

పెద్ద హోటళ్లలో నడుస్తుంది. 2025లో చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు వెళ్లాక కొన్ని చిన్న దుకాణాలు, బండ్ల దగ్గర స్కానర్లు తీసేసి క్యాష్ ఓన్లీ అని రాసిపెట్టారు. చేతిలో కాస్త చిల్లర నోట్లు ఉంచుకోండి. ఫోన్ సిగ్నల్ రాక కౌంటర్ దగ్గర వెనకాల క్యూ ఆగిపోయి టెన్షన్ పడటం కంటే అది నయం.

నాన్నకి షుగర్. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు, ముఖ్యమైనది అదే. మ్యూజియంలో ఇంకో గది, ఇంకో గది అంటూ గంట గడిచిపోతుంది. బ్యాగులో రెండు బిస్కెట్లు, ఒక చాక్లెట్ ఉంచి, కళ్లు తిరుగుతున్నాయంటే గ్యాలరీ బయటికి తీసుకొచ్చి వెంటనే పెట్టండి, కాపలా వాళ్లకి చెబితే సాయం చేస్తారు. ఇక్కడ హోటళ్లలో కాఫీలో చక్కెర ముందే కలిపేస్తారు, సక్కరె లేకుండా అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. తీపి సాంబారు సంగతి పైన చెప్పాను, షుగర్ ఉన్నవాళ్లకి అది ఇంకా ముఖ్యం.

తెలుగులో మాట్లాడితే అర్థమవుతుందా?

చాలాచోట్ల అవుతుంది, వడ్డించేవాళ్లలో, ఆటో నడిపేవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఎక్కువే. అయినా ముందు రెండు ముక్కలు కన్నడలో మాట్లాడండి. ఎరడు కాఫీ కొడి (రెండు కాఫీలు ఇవ్వండి), సాకు (చాలు), బిల్ కొడి (బిల్లు ఇవ్వండి), ఇంత వస్తే చాలు, అవతలివాళ్ల ముఖంలో తేడా కనిపిస్తుంది. వాళ్ల ఊళ్లో వాళ్ల తిండి తింటున్నప్పుడు ఆ మాత్రం మర్యాద మనం ఇవ్వాలి.

రాత్రి బండికి ఏం కట్టించుకోవాలి?

కొబ్బరి చట్నీ, సాంబారు వద్దు, తెల్లారేలోపే పాడవుతాయి. ఇడ్లీకి పొడి, నూనె విడిగా అడగండి. చిత్రాన్నం అయితే రాత్రికి బాగానే ఉంటుంది, మన నిమ్మకాయ పులిహోరకి దగ్గరగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లూ తింటారు. మద్దూరు వడ మర్నాడు పొద్దునకి కూడా కరకరలాడుతూనే ఉంటుంది, అది మాత్రం రెండు పొట్లాలు కట్టించండి. స్టేషన్ దగ్గర కొనే పని పెట్టుకోవద్దు, సాయంత్రం ట్రాఫిక్‌లో మెజెస్టిక్ (సిటీ రైల్వే స్టేషన్) చేరడానికే టైమ్ సరిపోదు. మీ బండి బయ్యప్పనహళ్లి టెర్మినల్ నుంచా, మెజెస్టిక్ నుంచా అన్నది టికెట్ మీద చూసుకుని, పొట్లాలు మధ్యాహ్నం తిన్న హోటల్‌లోనే కట్టించేసుకోండి.